ఆట అయ్యేదాకా తలుపు తియ్యకూడదు

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం నా చేతులంటే. రోగాలంటే కాదు, దొంగలంటే కాదు, మా వీధిలో దుమ్ము లేపుకుంటూ పోయే సిమెంటు లారీలంటే కూడా కాదు. ఎప్పుడో ఒకరోజు, మంచి చేస్తున్నాననుకుంటూనే, ఈ రెండు చేతులతోనే నా పిల్ల ప్రాణం మీదికి తెస్తానేమోనని. మిలికి తొమ్మిది నెలలు. తొమ్మిది నెలలుగా దాని స్నానం నీళ్ళు ముందు మోచేత్తో, తర్వాత మణికట్టుతో, అప్పటికీ నమ్మకం కుదరక చెంపతో చూస్తున్నాను. అది నిద్రపోతుంటే ముక్కు కింద వేలు పెట్టి, వెచ్చగా తగిలేదాకా నా ఊపిరి బిగబట్టుకుంటాను. "దానికి ఊపిరి తీసుకోవడం నువ్వు నేర్పక్కర్లేదే యెసికా, అదే తీసుకుంటుంది. నువ్వు కాస్త తీసుకో" అని అత్తయ్య ఎద్దేవా చేస్తుంది. ఇప్పుడు ఆ పిల్ల నా ఒళ్ళోనే ఉంది. ముక్కూ నోరూ కప్పేస్తూ ఆక్సిజన్ మాస్క్, దాన్నుంచి గోడ దాకా ఒక గొట్టం. మాస్క్ లోపల ఆవిరి పడుతుంది, పోతుంది, మళ్ళీ పడుతుంది. ఎదురుగా తెల్ల తలుపు. ఆ తలుపు వెనక మామయ్య. గోడ గడియారం ఏడు దాటి ఐదు నిమిషాలు. "ఒక గంట చూద్దాం. ఒంట్లోంచి ఆ విషం దిగాలి. గంటలో కళ్ళు తెరిస్తే సరే" అంది డాక్టరమ్మ. తెరవకపోతే ఏమిటో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.

బయట ఊరంతా హారన్లు. ఫుట్‌బాల్ సెమీఫైనల్ గెలిచాం కదా, అర్జెంటీనా ఫైనల్‌కి వెళ్ళింది కదా, డప్పుల మోతకు ఈ వరండా కిటికీ అద్దాలు సన్నగా వణుకుతున్నాయి. ట్రే పట్టుకుని అటూ ఇటూ తిరిగే నర్సు జడకు తెల్లా నీలం రిబ్బను ఉంది. ఆవిడ కూడా పొద్దున సంబరంగా కట్టుకునే ఉంటుంది. నా బుగ్గల మీద కూడా దమియాన్ గీసిన చారలు ఉండాలి, తుడుచుకున్నానో లేదో గుర్తు లేదు. దమియాన్ నా మొగుడు. వరండా చివర నేల మీద కూర్చుని ఉన్నాడు, చేతుల్లో తండ్రి బూటు ఒకటి, రెండోది ఎక్కడ పడిపోయిందో. నా స్వెట్టర్ నిండా కాలిన కొవ్వు వాసన, ఉప్పు వాసన, కట్టె వాసన. గోళ్ళ సందుల్లో బొగ్గు. ఇన్ని వాసనలు వచ్చే నిప్పులోంచి వాసనే లేని విషపు గాలి ఒకటి వస్తుందట. రంగు కూడా ఉండదట. డాక్టరమ్మ చెప్పింది. బడిలో చెప్పే ఉంటారు, నేను మానేసిన తర్వాతి ఏడాది పాఠాల్లో ఉందేమో. పదహారేళ్ళకే అమ్మకు జబ్బు చేసి నేను రొట్టెల కొట్టులో చేరాను. ఇంకొక్క ఏడాది చదివి ఉంటే ఆ గదిలోకి కుంపటి తీసుకెళ్ళేదాన్ని కాదేమో. ఒక్క ఏడాది.

కానీ నిప్పు గురించి నాకు నేర్పింది బడి కాదు, మామయ్య. ఆయన పేరు ఎలియో. ముప్ఫై ఒక్క ఏళ్ళు సిమెంటు ఫ్యాక్టరీలో బట్టీ దగ్గర పనిచేసి వచ్చాడు. ఆదివారం ఇంటికి ఎవరొచ్చినా మాంసం కాల్చేది ఆయనే, ఇంకొకరిని పార ముట్టుకోనివ్వడు. మాంసాన్ని మంట మీద పెట్టడు. పక్కన విడిగా కట్టెలు కాలబెట్టి, అవి ఎర్రటి కణికలయ్యాక పారతో కొంచెం కొంచెం తెచ్చి ఇనుప కమ్మీల కింద పరుస్తాడు. పక్కటెముకలు మూడు గంటలు అలా మాటామంతీ లేకుండా ఉడకాలి. పొగ కనబడితే ఆయనకు సిగ్గు. "పొగ వస్తోందంటే మనం తొందరపడ్డామని తల్లీ. ఇదిగో చూడు, ఎర్రగా, చడీచప్పుడూ లేకుండా ఉన్నాయే, ఇవీ నిప్పులంటే. వీటితో ఏ బాధా లేదు." ఆయన మాంసం గురించి చెప్పాడు. నేను అన్నిటి గురించీ అనుకున్నాను. మా ఇంట్లో అందరం అంతే, పొగను బట్టే నిప్పు మంచిదో చెడ్డదో చెబుతాం. నేను నాలుగో నెల కడుపుతో ఈ ఇంటికి వచ్చిన రోజున అత్తయ్య నా ముందే వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టింది. మామయ్య పొయ్యి దగ్గరికి నడిచాడు. కమ్మీల మీద మొదట ఉడికిన ముక్క కోసి, రొట్టెలో పెట్టి, అందరికన్నా ముందు నా చేతికిచ్చాడు. మా దగ్గర ఆనవాయితీగా మొదటి ముక్క కాల్చినవాళ్ళది. దాన్ని ఆయన ఎవరికీ ఇవ్వగా చూడలేదని దమియాన్ ఆ రాత్రి నాతో అన్నాడు. ఆ ముక్క రుచి గుర్తు రావడం లేదు ఇప్పుడు. ఆయన వేలి మీద కాలిన మచ్చ గుర్తొస్తోంది.

అంత నిప్పు తెలిసిన మనిషి ఈ మధ్యాహ్నం తన పొయ్యి దగ్గర ఎందుకు లేడంటే, బెతో వల్ల. బెతో అత్తయ్య తమ్ముడు, పెళ్ళీ పెటాకులూ లేవు, ఫుట్‌బాల్ ఒక్కటే ఉంది. ఈ పోటీల్లో మొదటి మ్యాచ్ రోజున మామయ్య కట్టెల కోసం పెరటి చివరి గదిలోకి వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే మనవాళ్ళు గోల్ కొట్టారు. ఆయన తిరిగొచ్చి కూర్చున్నాడు, అవతలివాళ్ళు కొట్టారు. అంతే, బెతో కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "బావా, నువ్వు మళ్ళీ లోపలికి పో." "ఎందుకురా, కట్టెలు తెచ్చానుగా?" "కట్టెలు కాదు. నీది ఐరన్ లెగ్గు. ఏమీ అనుకోకు, దేశం కోసం." అందరూ పడీ పడీ నవ్వారు. "నలభై ఏళ్ళ నుంచి మొత్తుకుంటున్నా, ఈ మనిషి బయటికెళ్తే తప్ప ఏదీ కలిసిరాదని. నా మాట ఎవరు విన్నారు?" అంది అత్తయ్య. మామయ్య నవ్వుతూ రేడియో చంకలో పెట్టుకుని వెళ్ళాడు, గెలిచాం. తర్వాతి మ్యాచ్‌కి మళ్ళీ పంపారు, గెలిచాం. క్వార్టర్ ఫైనల్‌కి ఎవరూ పంపక్కర్లేదు, ఆయనే లేచి వెళ్ళాడు. ఇలాంటివి మా ఊరు ఒలవర్రియాలో ఏ ఇంట్లో లేవు గనక. ఉతకని చొక్కాలు, తిరగేసిన కుర్చీలు, గోల్ పడినప్పుడు ఒంటికాలి మీద ఉందని ఆట అయ్యేదాకా ఒంటికాలి మీదే నిలబడ్డ పిన్నులు. అడిగితే నమ్మం అంటారు. మానమంటే మానరు. ఇవాళ సెమీఫైనల్ గనక బెతో సెంటిమెంటుకి కొత్త చట్టం కలిపాడు. ఈల ఊదిన దగ్గర్నుంచి ఈల ఊదేదాకా ఆ తలుపు తియ్యకూడదు. విరామంలో తియ్యొచ్చు. ఆట నడుస్తుండగా ఎవరైనా తీస్తే, ఓడిపోతే, ఆ పాపం ఆ చేతిదే. "వింటున్నావా యెసికా? నీకే చెప్పేది. పిల్లకి అది కావాలి, ఇది కావాలి అని నిమిషానికోసారి తిరుగుతుంటావు." నేను తలూపాను. ఈ తలే.

మాస్క్‌లో ఆవిరి పడింది. పోయింది. పడింది. ఏడూ పద్దెనిమిది.

కుక్క గిన్నెలో గడ్డకట్టిన నీళ్ళు మధ్యాహ్నానికి కూడా కరగలేదు, మా దేశంలో జూలై చలి అంటే అదీ. మేమందరం రేకుల కప్పు కింద పొయ్యి వేడికి కూర్చున్నాం, టీవీ లోపల్నుంచి పొడుగు వైరు లాగి తెచ్చి బల్ల మీద పెట్టాం. దమియాన్ మొదటిసారి పార పట్టుకున్నాడు. మామయ్య గదిలోకి వెళ్ళబోతూ తిరిగి తిరిగి కమ్మీల వంక చూస్తున్నాడు. "ఒరేయ్, ఎముక వైపు కిందకి పెట్టు. తిప్పితే ఒక్కసారే తిప్పు. కత్తితో పొడిచి చూశావంటే చేతులు విరగ్గొడతా." "నాన్నా, నువ్వెళ్ళు. ఈసారి తిన్నవాళ్ళు కొట్టే చప్పట్లు నాకే." "చప్పట్లు కాదురా, మాడితే చెప్పులు." ఆయన వెళ్ళాక ఆ గది గుర్తొచ్చి నాకు మనసొప్పలేదు. ఇటుక గోడలు, పనిముట్లు, ఒక పాత మంచం, ఒక కిటికీ, అంతే. కుంపటిలోకి మూడు పారల నిప్పులు ఎత్తాను. ఎర్రగా, చడీచప్పుడూ లేకుండా. పొగ చుక్కంత కూడా లేదు. అది చూసుకుని మరీ తీసుకెళ్ళాను. అదే నాకు ఇప్పుడు... అది చూసుకుని మరీ. "మామయ్యా, మీ నిప్పులే ఇవి." "ఈ ఇంట్లో నన్ను పట్టించుకునేది నువ్వొక్కదానివే తల్లీ. మిగతావన్నీ ఎద్దులు" అన్నాడు, అని లేచి వెళ్ళి కిటికీ జానెడు తెరిచి వచ్చాడు. "గాలి ఆడనీ." ఎందుకు అని నేను అడగలేదు. ముసలాయనకు ఉక్కపోస్తుందేమో అనుకున్నాను. చలికాలంలో ఉక్కపోత. అలా ఎలా అనుకున్నానో.

తర్వాత మిలికి నిద్ర వేళయింది. లోపల గదిలో పడుకోబెడితే గోడకి ఇవతలే టీవీ, ఇవతలే బెతో గొంతు. మామయ్యే అన్నాడు, ఇటు పడుకోబెట్టు, నేను చూస్తుంటాలే అని. మంచం మీద పడుకోబెట్టాను. రెండు దుప్పట్లు కప్పాను. కిటికీలోంచి చల్లగాలి దాని నుదుటి మీద వెంట్రుకలు కదుపుతోంది. పోయిన నెల దగ్గు వచ్చినప్పుడు మూడు రాత్రులు నిద్రపోలేదు నేను, ఆ గురక, ఆ పక్కటెముకలు లోపలికి పోవడం. మామయ్య నాకు వీపు పెట్టి రేడియో చెవులు తిప్పుకుంటున్నాడు. కిటికీ మూశాను. గడియ బిగించాను. తలుపు కింద సందులోంచి కూడా గాలి వస్తోంది, మేకుకి ఆయన ఫ్యాక్టరీ కోటు వేలాడుతుంటే తీసి ఆ సందులో కుక్కాను, నేను బయటికొచ్చాక వేలితో లోపలికి నెట్టాను కూడా. ఎంత ఒద్దికగా చేశానో. ఆయనకు చెప్పలేదు. దాచాలని కాదు, రేడియోలో ఈల వినబడింది, బెతో "తలుపూ!" అని కేక పెట్టాడు, నేను మూసేసి పరిగెత్తాను. కిటికీ తెరిచే ఉందని ఆయన అనుకుంటూనే ఉన్నాడు. అనుకుంటూనే కూర్చున్నాడు.

రేడియోకీ టీవీకీ ఐదారు సెకన్ల తేడా ఉంటుంది, రేడియో ముందు. మొదటి గోల్ మాకు టీవీలో ఇంకా పడకముందే పెరటి చివర్నుంచి ఆయన అరుపు వచ్చేసింది. "గోఓఓఓల్!" మాకింకా బంతి మైదానం మధ్యలోనే ఉంది. బెతోకి ఏడుపొక్కటే తక్కువ. తలుపు దగ్గరికి వెళ్ళి, తియ్యకుండానే, పిడికిలితో బాదాడు. "బావా! ఇంకొక్కసారి ముందే అరిచావంటే రేడియో లాక్కుంటా! సినిమా చివర ముందే చెప్పేసినట్టు ఏంటిది?" "అయితే టీవీలో వేగంగా ఆడమనరా!" అని లోపల్నుంచి ఆయన. మళ్ళీ అందరం నవ్వాం. ఆ అరుపుకి మిలి లేచి ఏడుపు మొదలెట్టింది. అరుపుకే అనుకున్నాం. అవతలివాళ్ళు ఒకటి కొట్టి సమం చేశారు, అయినా పిల్ల ఏడుస్తూనే ఉంది, నేను కుర్చీ అంచు మీద కూర్చుని బెతో వంక చూశాను, బెతో వేలు అడ్డంగా ఊపాడు. ఇరవై నిమిషాలు. నా పిల్ల ఏడుస్తుంటే ఇరవై నిమిషాలు నేను ఫుట్‌బాల్ చూశాను. విరామం ఈల ఊదగానే పరిగెత్తి తలుపు తీశాను. పిల్ల ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. మామయ్య ముఖం కూడా. "తల దిమ్ముగా ఉంది తల్లీ. వాడు మాంసం మాడుస్తున్నాడేమో, ఆ బాధ ఇక్కడిదాకా తగులుతోంది" అన్నాడు నవ్వుతూ. నేనూ నవ్వాను. వైన్ ఎక్కువైందేమోలే అన్నాను. పిల్లని ఎత్తుకుని బయటికి రాగానే భుజం మీద పాలు కక్కింది, నాలుగు అడుగులు వేసేసరికి ఏడుపు మానేసింది. "చూశారా అత్తయ్యా, బయటికి తేగానే ఎలా ఊరుకుందో" అన్నాను. నేనే అన్నాను ఆ మాట. నా నోటితో అన్న మాట నా చెవిలో పడి, అక్కడే ఆగిపోయింది, లోపలికి వెళ్ళలేదు. "పళ్ళొస్తున్నాయి దానికి" అంది అత్తయ్య. వెనక్కి వెళ్ళి తలుపు మూశాను. కోటు మళ్ళీ సర్దాను. అలవాటుగా, వంగి, వేలితో.

ఏడూ ఇరవై తొమ్మిది. తెల్ల తలుపు తెరుచుకుంది, నర్సు బయటికొచ్చింది, నా వంక చూడలేదు, వెళ్ళిపోయింది. నాకు చూడనివాళ్ళ ముఖాలు చదవడం వచ్చు అనుకునేదాన్ని. ఏమీ రాదు.

రెండో గోల్. అది పడినప్పుడు నేను మిలికి ఉడికించిన గుమ్మడి ముద్ద తినిపిస్తున్నాను. టీవీలో బంతి వలలో పడింది, అందరూ లేచారు, కుర్చీలు పడ్డాయి, బెతో మోకాళ్ళ మీద పడి గడ్డిని ముద్దుపెట్టుకున్నాడు, దమియాన్ నన్నూ పిల్లనూ కలిపి ఎత్తేశాడు. గాల్లో ఉండగా తెలిసింది నాకు. ముందు రావాల్సింది రాలేదు. ఐదారు సెకన్ల ముందు పెరట్లోంచి రావాల్సిన అరుపు రాలేదు. "దమియాన్, మామయ్య అరవలేదు" అన్నాను. "బెతో తిట్టాడుగా, బుద్ధొచ్చింది" అన్నాడు నవ్వుతూ. "వెళ్ళి చూసొస్తా." ఒక అడుగు వేశాను కూడా. బెతో అడ్డం వచ్చాడు, రెండు చేతులూ చాచి, గోల్‌కీపర్‌లా. "అమ్మా, తల్లీ, నీకు దణ్ణం పెడతా. ముప్ఫై నిమిషాలు. గెలుస్తున్నాం. ఇప్పుడు తలుపు తీస్తే నాలుగున్నర కోట్ల మంది ఉసురు నీకు తగుల్తుంది." అందరూ నా వంకే చూస్తున్నారు, నవ్వుతూనే, కానీ ఆ నవ్వుల వెనక నిజంగానే భయం ఉంది. అత్తయ్య కళ్ళల్లో కూడా. నిన్న మొన్న వచ్చినదాన్ని. ఓడిపోతే, నా వల్ల ఓడిపోతే, ముసలిదాన్నయ్యేదాకా ఆ ఇంట్లో అది నా పేరు. కూర్చున్నాను. ముప్ఫై నిమిషాలూ టీవీ చూడలేదు, ఆ తలుపే చూశాను. ఆకుపచ్చ రంగు, కింద పెచ్చులు లేచాయి, సందులో కోటు అంచు. ఆయన మాట నిలబెట్టుకున్నాడు అనుకున్నాను. పౌరుషం వచ్చిందేమో అనుకున్నాను. నిద్రపోయాడేమో అనుకున్నాను. పది అడుగులు ఉంటుంది. మహా అయితే పన్నెండు. చివరి నిమిషాల్లో ఎవరో గోర్లు కొరుక్కుంటూ ప్రార్థన చేస్తున్నారు, నేను కూడా చేశాను, ఈల ఊదమని.

ఊదాడు. అందరూ టీవీ వైపు పరిగెత్తారు, నేను తలుపు వైపు. తలుపు తోస్తే కోటు అడ్డం పడింది. నేను కుక్కిన కోటు. భుజంతో తోశాను. రేడియో అరుస్తోంది, అందులో లక్షమంది పాడుతున్నారు, మామయ్య మంచానికీ గోడకీ మధ్య కింద ఉన్నాడు, ఒక చెయ్యి తలుపు వైపు చాచి. ముఖం గులాబీ రంగులో ఉంది. చలికి ఆడుకుని వచ్చిన పిల్లల్లా, అంత ఆరోగ్యంగా. చచ్చిపోతున్న మనిషి ముఖం అలా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. నేను అరిచిన అరుపును అందరూ గెలుపు అరుపే అనుకున్నారట.

బెతో ట్రక్కులో వెనక పరుపు వేసి పడుకోబెట్టారు. దమియాన్ తండ్రి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. బెతో హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు, అత్తయ్య మిలి తెల్లగుడ్డ కిటికీలోంచి బయటికి పెట్టి ఊపుతోంది. ప్రాణాపాయం అంటే మా దగ్గర అదే గుర్తు, తెల్లగుడ్డ చూస్తే బస్సులు కూడా దారిస్తాయి. ఇవాళ ఊరంతా హారన్లే. ఊరంతా గుడ్డలే. చౌరస్తాలో జనం మా ట్రక్కును చుట్టేశారు, బానెట్ మీద చరిచారు, గెంతారు, "గెలిచాం అమ్మా, గెలిచాం!" అని ఒక లావుపాటి ఆయన మెడలో డప్పుతో కిటికీలోంచి తల దూర్చి అత్తయ్య బుగ్గ మీద ముద్దుపెట్టాడు. ఆవిడ కదల్లేదు. ఆయన ఆవిడ ముఖం చూశాడు, వెనక పరుపు మీదకు చూశాడు. తర్వాత ఆ డప్పును మెడలోంచి తీసి నేల మీద పడేసి, మా ట్రక్కు ముందు పరిగెత్తుకుంటూ, జనాన్ని చేతులతో పక్కకు తోస్తూ, బూతులు తిడుతూ, ఐదు వీధులు దారి చేశాడు. ఆయన ఎవరో తెలీదు.

ఇక్కడికొచ్చాక డాక్టరమ్మ ఎంత తాగాడు అంది. రెండు గ్లాసులు అన్నాడు దమియాన్. బీపీ ఉందా అంది. ఉంది, ఉప్పు మానడు, గుండె అయ్యుంటుంది అంది అత్తయ్య. డాక్టరమ్మ మామయ్య కనురెప్ప ఎత్తి చూసింది, పెదాలు చూసింది, ఏదో నచ్చలేదు. "రంగేమిటి ఇలా ఉంది? ఆ గదిలో ఇంకెవరైనా ఉన్నారా? ఎవరికైనా తలనొప్పి, వాంతులు?" "లేదమ్మా, ఒక్కడే ఉన్నాడు" అంది అత్తయ్య. నేను గుమ్మంలో మిలిని ఎత్తుకుని నిలబడి ఉన్నాను. భుజం మీద ఎండిపోయిన పాల మరక. అప్పుడు అర్థమైంది నాకు. పిల్ల ఏడుపు, కక్కిన పాలు, ఎర్రటి ముఖాలు, జానెడు తెరిచిన కిటికీ, అన్నీ ఒకేసారి వచ్చి గుండెల మీద కూర్చున్నాయి. చెబితే ఏమవుతుందో కూడా అదే క్షణంలో కనబడింది. దమియాన్ నన్ను చూడబోయే చూపు. గుండె జబ్బు అని వదిలేస్తే ఎవరికీ తెలీదు. ఆ ఆలోచన నాకు వచ్చింది. రాలేదని చెప్పను. ఎంతసేపు ఉందో తెలీదు, డాక్టరమ్మ చేతి తొడుగు ఒకటి విప్పి రెండోది విప్పేంతసేపు. "కుంపటి పెట్టాను" అన్నాను. "నిప్పులు. పొగ లేనివి. కిటికీ నేనే మూశాను, ఆయనకు తెలీదు. పిల్ల కూడా అందులోనే ఉంది, సగం ఆట దాకా." డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండు. "ఆక్సిజన్! ఇద్దరికీ!" అని అరిచింది, ఒక్కసారిగా అందరూ పరిగెత్తారు. ఎవరో మిలి మడమ నుంచి రక్తం తీశారు. అది కెవ్వుమంది. ఆ ఏడుపు విని ఇంత సంతోషం ఎలా వేసిందో నాకు.

అప్పట్నుంచి అత్తయ్య నా వంక చూడలేదు. బెతో ఒకసారి వచ్చి, బెంచీ పక్కన నిలబడి, "నేను అడ్డం రాకపోతే" అన్నాడు. అంతలోనే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఏడూ నలభై ఒకటి. పిల్లకి ఏమీ కాదన్నారు, రాత్రంతా చూస్తామన్నారు. మాస్క్‌లో ఆవిరి పడింది. ఈ చేతులే కదా తలుపు తీసింది అని ఒకసారి అనిపిస్తుంది, ఈ చేతులే కదా మూసింది అని వెంటనే. ఏడూ యాభై. గంట కావొస్తోంది. గంట అంటే సరిగ్గా గంటేనా, గంటంబావు కూడా గంటేనా.

తెల్ల తలుపు తెరుచుకుంది. అత్తయ్య. "కళ్ళు తెరిచాడు" అంది గోడతో చెబుతున్నట్టు. తర్వాత నా వంక చూసింది. "నన్ను కాదు, నిన్ను అడుగుతున్నాడు. పిల్లని నాకివ్వు." ఇచ్చాను. మిలి బరువు పోగానే నా చేతులు వాటంతటవే పైకి లేచాయి.

లోపల ఆయన పెదాలు తెల్లబడ్డాయి, ఒక చెయ్యి నా చేతి మీద వేసి, మాస్క్ పక్కకి జరిపి మాట్లాడుతున్నాడు. "ఎంతకెంత?" "రెండూ ఒకటి మామయ్యా. గెలిచాం." "తెలుసు. రెండోది విన్నాను." "విన్నారా?" "విని అరిచాను కదా. బెతోగాడు తిడితే తిట్టనీ అని గట్టిగా అరిచాను." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "తర్వాత నిన్ను పిలిచాను. కాళ్ళు రావట్లేదు, తలుపు తియ్యి తల్లీ అని. చాలాసేపు పిలిచాను. అంత గోలలో మీకు వినపడి ఉండదులే."

అంత గోల లేదు. నేను వింటూనే ఉన్నాను. పది అడుగుల దూరంలో, ముప్ఫై నిమిషాలు, ఇంకేమీ చెయ్యకుండా ఆ తలుపు వైపే చెవి పెట్టి కూర్చున్నాను. ఒక్క చప్పుడు రాలేదు. ఆయన గొంతు ఆయన తలలోనే అరిచింది. "కిటికీ కూడా తెరిచే ఉందిగా" అన్నాడు, అర్థం కానట్టు. "నేను మూశాను మామయ్యా. పిల్లకి చలని." ఆయన పైకప్పు వంక చాలాసేపు చూశాడు. నా చేతి మీద ఉన్న చెయ్యి మాత్రం తియ్యలేదు.

ఆదివారం ఫైనల్. ఇది చదువుతున్న మీ ఇంట్లో కూడా ఎవరినో ఒకరిని వంటింట్లోనో, మేడ మీదో, కారులోనో కూర్చోబెట్టి ఉంటారు, నవ్వుతూనే, వాళ్ళూ నవ్వుతూనే వెళ్ళి ఉంటారు. చలికి లోపల ఏం వెలిగించారో మీకు తెలీదు. ఆట మధ్యలో లేవండి. గోల్ పోతే పోనీ. లోపల్నుంచి చప్పుడు లేకపోతే అలిగారనుకోకండి, మాట విన్నారనుకోకండి, నిద్రపోయారనుకోకండి. తలుపు తీసి, దగ్గరికి వెళ్ళి, ముఖం చూసి రండి.